ఎలుక కొరికిన వైరు

చేవెళ్ల బస్టాండు పక్కన, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే చిన్న దుకాణం. మధ్యాహ్నం. కరెంటు లేదు. బల్లకు అవతల మెకానిక్ ధనరాజ్. ఇవతల, స్టూలు మీద, ఒడిలో సంచితో ఆలూరు నుంచి వచ్చిన సింధుజ.

"ఎలుక కొరికింది చెల్లె."

"ఏంది?"

"వైరు. ఎలుక కొరికింది."

"ఇంకా సంచిలకెల్లి తియ్యనే లేదు గదన్నా."

"తియ్యి మరి. చూస్త."

"చూడకుండనే ఎలుక అంటివి."

"ఎండకాలం చెల్లె. ఊర్లల్ల అంత ఎలుకలే. ఎవరు ఏం తెచ్చినా గదే కత. తియ్యి. ఆఁ, పెరుగు మిషిని."

"ఇది నీకెట్ల తెలుసు? ఇసొంటిది ఈ దిక్కు ఎవ్వరికాడ లేదన్నరు."

"మీద రాసున్నది."

"ఇంగ్లీషుల రాసున్నది."

"బొమ్మ గూడ ఉన్నది. గిన్నె, చెంచ. నా ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టు. కరెంటు రాంగనే వైరు అతికి చూపిస్త. కూసో."

"అతుకద్దన్నా."

"అంటే?"

"బాగుచెయ్యద్దు."

"మరి?"

"మల్ల ఎవ్వరు బాగుచెయ్యరాకుండ చెయ్యి."

"చెల్లె, దుకాణం పెట్టినకాడికెల్లి ఖరాబైంది బాగుచెయ్యమని వస్తున్నరు. నేను బాగుచేసినంక ఇంకింత ఖరాబైందని గూడ వస్తరు, అది వేరే ముచ్చట. ఖరాబు చెయ్యమని మాత్రం ఎవ్వరు రాలే."

"నేనొచ్చిన గద."

"కిందేసి కొట్టు, అయిపోతది. నా దాకెందుకు?"

"కొడితె కొట్టినట్టే కనవడతది. దానంతట అదే పోవాలె. మెకానిక్ చూసిండు, లోపల కాలిపోయిందన్నడు, ఇంక పనిచెయ్యదన్నడు అని నేను ఇంట్ల చెప్పాలె. ఎవరన్న అడగనీకొస్తె నువ్వు గూడ గదే మాట మీద ఉండాలె."

"ఎవరడుగుతరు?"

"మా అత్తమ్మ అడుగుతది. ఏందన్నా గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. కరెంటు వచ్చిందేమో అని."

"ఫ్యాను తిరుగుతలేదు గద."

"గదే చూసిన. చాయ్ తాగుతవా? పక్కన్నే, చెప్తె తెస్తడు."

"వద్దు. జల్ది పోవాలె. అత్తమ్మ షుగరు గోళీలకు పోతున్న అని చెప్పి వచ్చిన. ఆమె పండుకున్నప్పుడు దీన్ని సంచిల పెట్టిన. లేస్తె చూస్తది."

"చూస్తె చూడని. ముసలామెకు మిషిని తోటి ఏం పని?"

"ఆమె తోటే అన్నా అంత లొల్లి. మా అత్తమ్మ పేరు బాలనర్సమ్మ. ఆలూరుకు వచ్చి అడుగు, పెరుగు బాలనర్సమ్మ అంటరు. ఎవరింట్ల తోడు లేకున్నా మా గడపకే వచ్చేటోళ్లు. పాలు కాచి, జర సల్లార్చి, గిట్ల చిటికెన వేలు ముంచి చూసేది. తోడు ఎయ్యాలంటె ఎంత వేడి ఉండాల్నో ఆ వేలుకే ఎరుక. కుండ బోర్లిచ్చినా పెరుగు కదలకపోయేది."

"విన్న."

"ఎవరు చెప్పిన్రు?"

"ఇప్పుడు నువ్వే చెప్తున్నవ్ గద."

"నిరుడు ఏమైందో, పెరుగు చెడుడు మొదలైంది. ఒకనాడు ఇరుగుతది. ఒకనాడు తెల్లారినా పాలు పాలుగనే ఉంటయి. పాకెట్ పాలు మంచిగ లెవ్వన్నది. బర్రె పాలు తెచ్చిన. కుండ పాతదైందన్నది. కొత్త కుండ తెచ్చిన. నేను ఒక్క మాట అన్లే అన్నా. అన్నం ఉత్తగనే తిన్నం. గప్పుడే మీ బావ దీన్ని తెచ్చిండు."

"బావ ఏం జేస్తడు?"

"క్యాబు తోలుతడు. గచ్చిబౌలిల సాఫ్టువేరోళ్లను. వాళ్లకు రాత్రి పగలైతది, ఈయనకు పగలు రాత్రైతది. ఆయన బండి ఎక్కే మేడం ఒకామెకు బెంగుళూరుల కొత్త కంపెనీ దొరికిందంట. ఇల్లు సర్దుకుంట ఇది ఇచ్చింది. పాలు పోసుడు, ఇంత తోడేసుడు, మీట నొక్కుడు. బత్తి వెలుగుతది. తెల్లారెటాలకు పెరుగు గట్టిగ, కత్తి పెట్టి కొయ్యచ్చు."

"మంచిగనే ఉంటదా?"

"మంచిగుంటది. గదే బాధ."

"మంచిగుంటె బాధేంది చెల్లె?"

"ఆమెకు పని లేకుండ పోయింది. పొయ్యికాడికి వస్తలేదు. చేతులు కొంగుల దాసుకొని మూలకు కూసుంటది. మొన్న అరచేతికి గుడ్డ కట్టుకున్నది. ఏమైందంటె గీసుకపోయింది అన్నది, చూపియ్యలే. తోడు కోసం ఎవరన్న వస్తె లోపలికి పోతది. ఇంక పొద్దుమూకిందంటె, మిషిని ముంగట పీట ఏసుకొని దాని దిక్కే చూస్కుంట కూసుంటది. పగోన్ని చూసినట్టు."

"గట్ల చూస్తదా."

"కన్ను ఆర్పది. మా పక్కింటి జంగమ్మ ఏమన్నదో తెలుసా? కోడలు అత్త చేతులకెల్లి గంటె గుంజుకున్నది అని. నా మొకం మీదనే అన్నది."

"అయితె దీన్ని అటక మీద పెట్టు."

"పెడితె నా మీద జాలిపడి పెట్టింది అనుకుంటది. గది ఇంకింత బాధ. ఇది సావాలె. అప్పుడు నేను పోయి, అత్తమ్మా ఇంక నువ్వే దిక్కు, లేసి తోడెయ్యి అంట. ఆమె లేస్తది. నాకు తెలుసు, లేస్తది."

"మంచిగనే ఆలోచన చేసినవ్."

"అందుకే వైరు కత్తిరించిన."

"ఎలుక కాదా?"

"ఎలుక ఇంత సాపుగ కొరుకుతదా అన్నా? చూడు."

"కొన్ని ఎలుకలు సాపుగనే కొరుకుతయి."

"నవ్వకు. ఇది మొదటిసారి గాదు. నేను మొయినాబాద్‌ల పనిచేస్త, ఇంజినీరింగు కాలేజి హాస్టల్ల. చలికాలంల ఒకనాడు పొద్దున బస్సుకు పోయేముందు కత్తిరించి పోయిన. సాయంత్రం వచ్చి చూస్తె బత్తి వెలుగుతున్నది. మల్ల మొన్న ఒకనాడు కత్తిరించిన. మల్ల వెలిగింది. ఇది సస్తలేదన్నా."

"మంచి కంపెనీది ఉంటది."

"కంపెనోళ్లు వచ్చి ఆలూరుల వైరు అతికిపోతరా?"

"బావ అతికిండేమో."

"నేను గూడ గట్లనే అనుకున్న. గని మీ బావకు బల్బు పెట్టుడే రాదు."

"బండి తోలెటోనికి వైర్లు తెల్వయా?"

"టైరు మార్చనీకె ఇంకొకన్ని పిలుస్తడు. అన్నా."

"ఊఁ."

"ఆ మిక్సీ వైరుకు చుట్టింది ఏంది?"

"టేపు."

"నీలం టేపు."

"టేపు ఏ రంగైతె ఏంది చెల్లె?"

"ఈ ఫ్యానుకు నీలమే. ఆ ఇస్త్రీ పెట్టెకు నీలమే. నా మిషిని వైరుకు గూడ రెండు కాడ నీలమే."

"టేపు అందరి కాడ ఉంటది."

"అందరి కాడ నల్లది ఉంటది."

"నల్లది దొరకలే. బేగంబజార్ల ఒకడు నీలం పెట్టెకు పెట్టె అగ్గువకు ఇస్త అంటె..."

"ఎవరు తెచ్చిన్రన్నా?"

"కరెంటు వచ్చింది."

"రాలే."

"వస్తది."

"ఎవరు తెచ్చిన్రు? బస్సు పోయినా మంచిదే, నేను లేవను."

"చెప్పద్దన్నది."

"అన్నది అంటే ఆడామె."

"చెల్లె, నువ్వు ఉండాల్సింది హాస్టల్ల గాదు, పోలీసు ఠాణల."

"అత్తమ్మనా?"

"బియ్యం సంచిల పెట్టుకొని ఆటోల వచ్చింది. రెండుసార్లు. నువ్వు కూసున్న స్టూలు మీదనే కూసున్నది. జల్ది చెయ్యి బిడ్డా, కోడలు దిగేటాలకు నేను ఇంట్ల ఉండాలె అన్నది."

"ఆమెకు ఇదంటె పగ గదన్నా. నా కండ్లతోటి చూసిన, ముంగట కూసొని..."

"బత్తి ఆరుతదేమో అని చూస్తదట."

"ఆరితె ఏంది? ఆరితె ఆమె కుండ ఆమె చేతికొస్తది."

"గదే ఆమె భయం."

"నాకు అర్థమైతలేదు."

"మొదటిసారి వచ్చినప్పుడు చాయ్ తెప్పిచ్చిన. అప్పుడే దించిన చాయ్, గాజు గిలాస. నేను అంచు పట్టుకోలేక బల్ల మీద పెట్టిన. అవ్వ గిట్ల గుప్పిట్ల పట్టుకున్నది. గట్టిగ పట్టుకొని, సల్లారిందా బిడ్డా, తాగచ్చునా అని నన్ను అడిగింది."

"గుప్పిట్లనా?"

"నేను గుంజుకున్న గిలాస. అరచెయ్యి ఎర్రగైంది. ఆమె నా దిక్కు చూసింది, నేను ఆమె దిక్కు చూసిన. షుగరు తోటి కొందరికి చేతులు మొద్దువారుతయట. వేలు ముంచితె పాలు సల్లగున్నయో మసులుతున్నయో వేలు చెప్తలేదట. మసిలే పాలల్ల తోడేస్తె ఏమైతది?"

"ఇరుగుతది."

"బాగ సల్లారినంక ఏస్తె?"

"పాలు పాలుగనే ఉంటయి."

"నువ్వు కుండ మార్చినవ్, పాలు మార్చినవ్. వేలు ఎక్కడికెల్లి తెస్తవు?"

"ఆ గుడ్డ కట్టు..."

"కాలింది. రెండోసారి వచ్చినప్పుడు నాకు చూపిచ్చింది. ఎప్పుడు కాలిందో తెల్వదన్నది. మిషిని ఉన్నన్ని దినాలు నా వేలుతోటి ఎవ్వరికి పని లేదు బిడ్డా, మిషిని పోతె తెల్లారి కుండ మూత తీసెటాలకు ఊరంత ఎరుకైతది అన్నది. గందుకే జర మంచిగ అతుకు అన్నది."

"నాకు చెప్తె ఏమైతుండె?"

"కత్తెర పెట్టేముందు నువ్వు ఆమెను అడిగినవా?"

"అడగలే."

"ఆమె చెప్పలే, నువ్వు అడగలే. మధ్యల నా నీలం టేపు ఒడిసింది."

"నేనే కత్తిరిస్తున్న అని ఆమెకు తెలుసా?"

"పొద్దున నువ్వు బస్సుకు పోంగనే వైరు తెగి కనవడతది. అవ్వకు ఆమాత్రం తెల్వదా? సంచిలకెల్లి తియ్యకముందే చెప్పింది. ఎలుక కొరికింది బిడ్డా, ఎవరడిగినా గట్లనే చెప్పు అన్నది. మందు పెట్టలేకపోయినవా అవ్వా అన్న. పెట్టబుద్ధి అయితలేదు, ఎలుక మంచిది, దానికి నా మీద ఏం కోపమో మరి అన్నది."

"గట్లన్నదా?"

"చెల్లె, మొకానికి అడ్డం పెట్టుకున్న కొంగు తీయి. ఫ్యాను తిరిగింది. కరెంటు ఎంతసేపు ఉంటదో తెల్వదు. ఇప్పుడు చెప్పు. లోపల కాల్చాల్నా, వైరు అతుకాల్నా?"

"అతుకు. అతుకద్దు, కొత్త వైరే ఎయ్యి. మందంది."

"కత్తెరకు తెగనిదా?"

"తెగనిది. తోడు ఇంక ఆమెనే ఏస్తది. వేడి మిషిని చూసుకుంటది. ఊరోళ్లు తోడు కోసం వస్తె ఆమె చేతితోటే ఇప్పిస్త. దవాఖాన సంగతి నేను చూసుకుంట. గోళీలు మార్చాల్నంట అని తీసుకపోత, చెయ్యి సంగతి డాక్టరే అడుగుతడు. నేను అడగ."

"గది మంచిది. ఇగో, బత్తి వెలిగింది."

"నేను వచ్చిన అని ఆమెకు చెప్పకన్నా."

"నేనెందుకు చెప్త? గని ఒక్కటే చిక్కు. పొద్దుమూకినంక అవ్వ దాని ముంగట కూసుంటది. కొత్త వైరు చూస్తది. తెల్లారి ఆటో ఎక్కి వస్తది. నేను తేలేదు గద బిడ్డా, మరి కొత్త వైరు ఎవరేపిచ్చిన్రు అని అడుగుతది. ఏం చెప్పాలె?"

"ఎలుకనే ఏపిచ్చిందని చెప్పు."