రూపాదేవి గారి చేతిసంచి

అధ్యక్ష స్థానంలో కూర్చుని నా ప్రసంగం ఎంతసేపు సాగుతుందోనని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న కవిమిత్రులు బంగార్రాజు గారికి, ముందు వరసలో ఫ్యాను కింద చోటు సంపాదించుకున్న పెద్దలకు, ఆ గాలి అందని వెనక వరసల మిత్రులకు, లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసి ఈ సాయంత్రం మన పఠన మందిరం చేతికి చిక్కిన రూపాదేవి గారికి నమస్కారం.

నన్ను పొగడమని పిలిచారు. ఈ తాతబ్బాయి మేస్టారికి పొగడటం చేతకాదని చోడవరంలో అందరికీ తెలుసు. కాబట్టి తప్పు నాది కాదు, కమిటీది. (నవ్వులు)

ఆవిడ ఒళ్ళో శాలువా, దండ, జ్ఞాపిక ఉన్నాయి. వాటి కింద ఏముందో చూశారా? చేతిసంచి. అందులోంచి ఆనపకాయ తొడిమ బయటికి చూస్తోంది. తన సన్మానానికి తానే కూరగాయల సంచితో వచ్చిన మనిషి గురించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ సంచి సంగతి చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

మన ఊళ్ళో మగవాడు సాయంత్రం చేతులూపుకుంటూ వీధిలోకి వస్తే ఎవరూ ఏమీ అడగరు. పిల్లల తల్లి ఉత్త చేతులతో వస్తే మాత్రం గుమ్మానికొకరు "ఎక్కడికమ్మా?" అంటారు. చేతిలో సంచి ఉంటే అడగరు, ఇంటి పని మీద వెళ్తోందని వాళ్ళే అనేసుకుంటారు. అందుకే మన ఆడవాళ్ళు స్నేహితురాలింటికి కూడా సంచితోనే బయల్దేరతారు. రూపాదేవి గారు కొడుకు బళ్ళో చేరిన నాటి నుంచి శనివారం శనివారం ఇక్కడికి క్యారమ్స్ ఆడటానికి అలాగే వచ్చారు, పోతూ పోతూ దారిలో ఏదో ఒక కూర కొనుక్కుని.

అవును, క్యారమ్సే. సంగీతం నేర్చుకునే తల్లిని లోకం క్షమిస్తుంది, పిల్లలకి నేర్పుతుందిలే అని. పురాణం వినే తల్లికి చేతులెత్తి మొక్కుతుంది. చేతికి పౌడరు రాసుకుని, స్ట్రైకరు సరిచూసుకుని రెడ్డు కొట్టే తల్లిని ఏమనాలో దానికి తెలియదు. ఎందుకంటే ఆవిడ సంతోషం తప్ప అందులో ఇంకెవరికీ ఏ లాభమూ లేదు. తల్లుల త్యాగం మీద నేను చదివిన పుస్తకాలు పెడితే ఇక్కడి బీరువాలు చాలవు. వాటిలో ఒక్క తల్లీ క్యారమ్స్ ఆడలేదు. రాసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, రాస్తున్నంతసేపూ కాఫీ ఎవరందించారో ఒక్కరూ రాయలేదు. (నవ్వులు, చప్పట్లు)

బంగార్రాజు గారూ, మీరప్పుడే చప్పట్లు కొట్టకండి, మీ వంతు వస్తోంది.

ఒక శనివారం బజార్లో కూరలు అయిపోయాయని ఆవిడ ముందే చేపలు కొనేసి, సంచి బల్ల కింద పెట్టుకుని ఆటలో కూర్చున్నారు. పక్క గదిలో మన అధ్యక్షులవారు తల్లిని కొవ్వొత్తితో పోల్చిన తమ దీర్ఘకవిత చదువుతున్నారు. ఒక పిల్లి వచ్చింది. వెనకాలే ఇంకోటి వచ్చింది. మూగజీవాలు సైతం తన కవితకి కదిలి వచ్చాయని కవిగారు కళ్ళు తుడుచుకున్నారు. అసలు సంగతి తెలిశాక, మరుసటి సమావేశంలోనే, "తల్లులు ఇంటిపట్టున ఉండాల్సిన వేళ ఇక్కడ ఆటలేమిటి?" అని తీర్మానం పెట్టారు. అది వీగిపోయింది. స్త్రీల మీద మన కమిటీకున్న గౌరవం వల్ల కాదు, ఆవిడ పోతే బల్ల దగ్గర నాలుగో మనిషి ఉండరని. (నవ్వులు)

ఊరి మాటలు ఆవిడ భరించారు. తనని తాను అనుకున్న మాటే భరించలేకపోయారు. కొడుకు కిషోర్ పదో తరగతి లెక్కల్లో తప్పాడు. గోవాడ పంచదార ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే తండ్రిని ఎవరూ ఏమీ అనలేదు, ఆయనా తనని ఏమీ అనుకోలేదు. ఈవిడ మాత్రం ఇదంతా తన శనివారాల వల్లేనని తేల్చుకుని, బల్ల మీద పౌడరు శుభ్రంగా తుడిచేసి, ఇక రానంటూ తలూపి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి ఆవిడ అత్తగారు గున్నమ్మ ఈ గుమ్మంలోకి వచ్చింది.

"మేస్టారూ, మా కోడల్ని ఆటకి రమ్మని కబురెట్టండి బాబూ. ఇంట్లో కూకుని గుంటణ్ణి సంపేస్తంది. ఆడు అన్నం తిన్నా లెక్కే, నీళ్ళు తాగినా లెక్కే. దాని కోపానికి నా గిన్నెలన్నీ సొట్టలు పోనాయి!"

"కోడలు ఆటకొస్తే నీకు నామోషీ కాదేటమ్మా?" అన్నాను.

"నామోషీ ఏటి? నానూ సంచట్టుకునే వడ్డాది సంతకెళ్ళేదాన్ని. కొనేదేటీ నేదు. ఓ పక్కన కూకుని జనాన్ని సూసుకోని వచ్చెసేదాన్ని."

గున్నమ్మ ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం నేను చదివిన ఏ పుస్తకం కన్నా నాకు ఎక్కువ గుర్తుంది. ఆ వచ్చే శనివారం కోడలు తిరిగొచ్చింది. తల్లి ఒక్క సాయంత్రం వదిలిపెట్టేసరికి మనవాడు ఊపిరి పీల్చుకుని సప్లిమెంటరీలో పాసయ్యాడు.

ఇందాక అదే కిషోర్ ఇక్కడ నిలబడి, "రేపటి నుంచి అమ్మ గాజువాకలో మాతోనే, మా చిన్నారిని చూసుకుంటూ విశ్రాంతిగా ఉంటుంది" అన్నాడు. మూడేళ్ళ పిల్లనీ విశ్రాంతినీ ఒకే వాక్యంలో పెట్టాడు. లెక్కల్లో ఎందుకు తప్పాడో నాకు ఇవాళ తెలిసింది. (నవ్వులు)

మీరంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ తలూపారు. ఆ తలూపడం నాకు తెలుసు, పౌడరు తుడిచేసి వెళ్ళిన రోజు ఊపిందే అది. మనవరాలి మీద ప్రేమ లేక కాదు నేను అడ్డం పడుతున్నది. కాస్త నాకోసం ఉంటానంటే చెడ్డదాన్నయిపోతానన్న భయం, కొడుకు పెద్దవాడై తండ్రయినా ఆవిడని వదల్లేదు. అమ్మా రూపాదేవీ, ఈ సభ ముందే అడుగుతున్నాను. మీకేం కావాలి?

(రూపాదేవి గారు లేచి నిలబడ్డారు.)

"చిన్నారి దగ్గరికి వెళ్తాను మేస్టారూ. సోమవారం పొద్దున్న బస్సెక్కుతాను. శుక్రవారం రాత్రికి వచ్చేస్తాను. శనివారం నాది."

"మరి శనివారం చిన్నారిని ఎవరు చూస్తారమ్మా?" అంటున్నాడు కిషోర్. బాబూ, నువ్వడగక్కర్లేదు, వెనక నుంచి మీ ఆవిడ సంధ్యారాణి ఏదో అంటోంది. గట్టిగా చెప్పమ్మా.

"మా ఆయనకి శనివారం సెలవే కదండీ, ఆయన చూస్తారు. నేనూ ఎక్కడికో అక్కడికి వెళ్ళొస్తాను!"

(నవ్వులు, చప్పట్లు) మరి నీ చేతిలో సంచేమిటమ్మా? ఉత్తదేనా? నేననుకున్నదే. మడతపెట్టి లోపల పెట్టేయమ్మా. దాని అవసరం మీ అత్తగారితో సరి.

ఇన్నేళ్ళుగా ఈవిడ చేతిలో ఓడిపోతూ వచ్చాను. ఈ ఊళ్ళో నన్ను ఓడించామని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కొందరు ఈ వేదిక మీదే ఉన్నారు. నిజంగా ఓడించింది ఈవిడొక్కరే. శనివారాలు ఖాళీ అయిపోతే ఈ ముసలివాడు ఇంకెవరితో ఓడిపోతాడన్న స్వార్థం కూడా ఈ ప్రసంగంలో ఉంది, దాన్ని పొగడ్త కింద జమకట్టుకోండి.

విన్నవారికీ, వినలేక మధ్యలో టీకి వెళ్ళొచ్చినవారికీ, తీర్మానం వీగిపోయినా కుర్చీ వదలని అధ్యక్షులవారికీ కృతజ్ఞతలు. కిషోర్, ఇలా వచ్చి మీ అమ్మ ఒళ్ళోంచి ఆ సంచి తీసుకో బాబూ. ఇంటికెళ్ళి ఆనపకాయ కూర వండు, ఆవిడ వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇవాళ శనివారం. పక్క గదిలో బల్ల వేసి ఉంది. రండి రూపాదేవి గారూ, ఉత్త చేతులతో రండి.

సెలవు.