మూడొందల పావురాలు, ఒక సెల్లో

వీధిలో అందరూ ఆయన్ని ఫుల్ ఆర్కెస్ట్రా అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. ఒక్కడే మాట్లాడుతున్నా అరవైమంది కలిసి వాయిస్తున్నట్టుంటుందని ఎదురుకొట్టు టైలరు పెట్టిన పేరది. వయొలిన్లూ గిటార్లూ బాగుచేసే బావమరిది కొట్టు అరుగే ఆయన సభ. పొద్దున తొమ్మిదికల్లా వచ్చి కూర్చుంటాడు. వెనకాలే టైలరు వస్తాడు, ఆ వెనకాల రిటైరైన లెక్కల మాస్టారు వస్తాడు. టీలు వస్తాయి. పదకొండుదాకా కోతలే కోతలు.

బావమరిది లోపల బల్ల దగ్గర పనిచేసుకుంటూ వింటాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వింటున్నాడు. "అవునా కాదా బావమరిదీ?" అని కేక వినబడగానే "అవును బావా" అనడం అతని వంతు. జిగురు కుంచె చేతిలోంచి దించకుండానే అనేస్తాడు.

ఆ రోజు గొడవ సినిమా సంగీతం మీద మొదలైంది.

"ఎవరెన్ని చెప్పండి, యుద్ధం సినిమాకి మించిన సంగీతం లేదు" అన్నాడు టైలరు. "ఇత్తడి బాకాలన్నీ ఒక్కసారి లేస్తే హాల్లో నా కుర్చీ కదిలిందండీ! డెబ్భైమందిని కూర్చోబెట్టి డెబ్భైమంది చేతా చెమటలు కక్కించాడు. అదీ సంగీతం."

"చప్పుడైతే గొప్పేనా?" అన్నాడు లెక్కల మాస్టారు. "స్టేషన్ సినిమా వినవయ్యా. అక్కాచెల్లెళ్ళ వరస ఒకటుంటుంది, ఏడంటే ఏడు స్వరాలు. వాళ్ళ చిన్నప్పుడు క్లారినెట్ మీద వస్తుంది. పెద్దయ్యాక పోట్లాడుకునేటప్పుడు అదే వరస వేణువు మీద హడావిడిగా వస్తుంది. చివర అక్క రైలెక్కి వెళ్ళిపోతుంటే వయొలిన్లన్నీ కలిసి అదే ఎత్తుకుంటాయి. అవే ఏడు స్వరాలు, మూడు జీవితాలు. పొదుపంటే అదీ."

ఫుల్ ఆర్కెస్ట్రా టీ గుక్కెడు తాగి ఇద్దరికీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇద్దరూ సగమే విన్నారు. యుద్ధం సినిమాలో ఆ బాకాలు శత్రువు వచ్చాక మోగవు, రాకముందు మోగుతాయి. అక్కడ ఎదురుగా ఖాళీ మైదానమే. అందుకే భయం. ఇక స్టేషన్ సినిమాలో అందరూ మొదటి వరస వయొలిన్లే వింటారు. రెండో వరసవాళ్ళు ఏం చేస్తున్నారు? రైలు చక్రాలయ్యా అవి! టకటక టకటక, లోపల్లోపల. మీకు విడిగా వినబడదు. కానీ అది తీసేసి చూడండి, రైలు కదలదు."

బావమరిది కుంచె ఆపాడు. కోతల మధ్య ఇలాంటి మాటలు దొర్లినప్పుడు అతనికి బావంటే ప్రాణం లేచొస్తుంది. ఒకప్పుడు బావ పని అదే మరి. సంగీత దర్శకుడు రాసిన పెద్ద కాగితంలోంచి ఒక్కొక్క వాయిద్యానికీ విడివిడిగా నకలు రాసి ఇచ్చేవాడు. వందమంది కలిసి వాయించేది ఒక్కొక్కరి వైపు నుంచీ తెలిసిన మనిషి.

"కానీ ఆ సీన్లో అసలు గొప్ప అది కాదు" అన్నాడు ఫుల్ ఆర్కెస్ట్రా, కాస్త ముందుకి వంగి. "చెల్లెలు రైలు పక్కనే పరిగెడుతుంది. ప్లాట్‌ఫారం అయిపోతుంది. ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడు?"

"వయొలిన్లన్నీ ఆగిపోతాయి" అన్నాడు టైలరు. యుద్ధం సినిమా అభిమానే గానీ ఆ చోట అతనూ కళ్ళు తుడుచుకున్నవాడే. "సెల్లో అని ఆ పెద్ద వయొలిన్ లాంటిది, అదొక్కటే సాగుతుంది. పావురాలు లేస్తాయి. ఆ రెక్కల చప్పుడు, ఆ సెల్లో... నాలుగు సెకన్లు. తర్వాత మళ్ళీ అందరూ."

"ఆ నాలుగు సెకన్లూ నావి" అన్నాడు ఫుల్ ఆర్కెస్ట్రా.

అరుగు చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ తలెత్తి చూసింది. పొట్టి జుట్టు నెరిసిపోయింది. మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే సెల్లో ఒకటి పెట్టెతో సహా తెచ్చి, బీటపడిందని ఇచ్చి, "ఎంతసేపైనా పర్లేదు, ఇక్కడే కూర్చుంటాను" అని కూర్చుందావిడ. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

"నేను చేసిందేమీ లేదనుకోండి" అని మొదలుపెట్టాడు ఫుల్ ఆర్కెస్ట్రా, ఎప్పటిలాగే వినయంగా. "పెద్దాయన, అదే మన సంగీత దర్శకుడు, మెడలో స్టాప్‌వాచీ వేసుకుని తిరుగుతున్నాడు. నేను నకళ్ళు ఇస్తూ 'అయ్యా, ఇక్కడ ఆ పిల్లని ఒక్క క్షణం ఊపిరి తీసుకోనివ్వండి' అన్నాను. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన ఆర్కెస్ట్రాని నడిపించే పుల్ల నా చేతిలో పెట్టేసి 'ఇంత తెలిసినవాడివి, నువ్వే నడిపించు' అన్నాడు!"

"ఎంతమంది వయొలిన్లు?" అన్నాడు లెక్కల మాస్టారు.

"రెండొందలు."

"ఆ రికార్డింగు హాల్లో నలభై కుర్చీలకి మించి పట్టవని మొన్న మీరే చెప్పారు."

"పట్టవు గనకే మిగతావాళ్ళని మెట్ల మీదా, మేడ మీదా, ఎదురుగా పళ్ళ డాక్టరు గదిలోనూ కూర్చోబెట్టాను. కిటికీలోంచి నా పుల్ల చూసి వాయించారు. పన్ను పీకించుకుంటున్నవాడు కూడా 'ఆ' అని సరిగ్గా శ్రుతిలో అరిచాడు. తీసెయ్యకుండా ఉంచేశాం. ఇక బాకా ఊదేవాడొకడు ఊపులో ముందుకి తోశాడు చూడండి, బాకా గొట్టం కిటికీలోంచి వెళ్ళి వీధిలో సైకిలు మీద పోయేవాడి టోపీ ఎగరగొట్టింది. వాడు పోట్లాటకి పైకొచ్చాడు. తిడుతుంటే విన్నాను. ఏం లయ! అక్కడే కూర్చోబెట్టి తాళం వేయించాను. అవునా కాదా బావమరిదీ?"

"అవును బావా" అన్నాడు బావమరిది అలవాటుగా. అప్పుడతను సెల్లో పెట్టె జేబులో పాత తీగలేమైనా ఉన్నాయేమోనని వెతుకుతున్నాడు. తీగల బదులు నాలుగు మడతల పాత కాగితం చేతికొచ్చింది. విప్పాడు.

అది బావ చేతిరాత. స్వరాల తోకలు ఒక్క పిసరు కుడికి వాలుతాయి. లోకంలో ఇంకెవరూ అలా రాయరు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఒక పొద్దున పదకొండింటికి బావ ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్న సంగతి అతనొక్కడికే తెలుసు. "పేజీ తప్పు చోట తెంపానురా" అన్నాడప్పుడు. "మామూలుగా కాగితాలు పెట్టుకోడానికి ఇద్దరికో స్టాండు. ఒకడు పేజీ తిప్పితే రెండోవాడు వాయిస్తాడు. ఇవాళ పెద్దాయన అందరినీ విడివిడిగా కూర్చోబెట్టాడు. పేజీ చివర వాళ్ళకి విరామం వచ్చేట్టు నేను రాయాలి కదా, చూసుకోలేదు. అందరూ ఒక్కసారే తిప్పాల్సొచ్చింది. సంగీతం ఆగిపోయిందిరా! చంపేస్తారు." మళ్ళీ ఆ రికార్డింగు హాలు గడప తొక్కలేదు. షాపులకి బోర్డులు రాసి బతికాడు. సినిమా వచ్చాక ఇద్దరూ వెళ్ళారు. ఆ చోట హాలంతా ఏడుస్తుంటే బావ అతని చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకున్నాడు. అది తన తప్పో, పెద్దాయన ముందే అలా అనుకున్నాడో అడగడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? మర్నాటి నుంచి కోతలు మొదలు. మొదట్లో రెండే పావురాలుండేవి.

బావమరిది కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పెద్దావిడ అతని చేతిలోది చూసి వేలు పెదవుల మీద పెట్టుకుని చిన్నగా నవ్వింది. ఆవిడకి అసలు సంగతి తెలుసని అతనికి అర్థమైపోయింది. బావకి ఈ అరుగు మీద రెండు గంటలే ఉన్నాయి, లోకంలో ఇంకేమీ లేదు. అవి కూడా ఇవాళ్టితో పోయేట్టున్నాయి.

"బావా, అక్క ఫోన్ చేసింది, తొందరగా రమ్మంటోంది."

"మీ అక్క నా తొందర ఎప్పుడు చూసిందిరా! ఆఁ, పావురాలు. మూడొందలు తెప్పించాను. మేడ మీద నెల్లాళ్ళు శిక్షణ. నాలుగు లెక్కపెట్టి లేవాలి, అయిదుకి తిరిగొచ్చి వాలాలి. ముందు వరసలోవాటికి నకళ్ళు కూడా రాసిచ్చాను."

"పావురాలకి?" అన్నాడు టైలరు నోరెళ్ళబెట్టి.

"మరి? చూడకుండా ఎలా ఎగురుతాయి? ఒకటి మాత్రం దొంగ మొహంది. ఎగిరింది ఎగిరినట్టే యుద్ధం సినిమావాళ్ళ దగ్గరికి పోయింది. జీతం ఎక్కువిచ్చారట."

లోపల సుత్తి కిందపడ్డ చప్పుడైంది. బావమరిది లోపలికెళ్ళి కావాలనే పడేశాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

"పుల్ల ఇలా ఎత్తి ఇలా కోశాను. రెండొందల వయొలిన్లు గప్‌చుప్! మూడొందల పావురాలు గాల్లో! ఆ నిశ్శబ్దానికి ఏమైందో తెలుసా? ఊళ్ళో గడియారాలన్నీ ఆగి విన్నాయి. నాలుగు సెకన్లు వెనకబడ్డాయి. ఇప్పటిదాకా ఎవడూ సరిచెయ్యలేదు. నువ్వు కుట్టే బట్టలు ఎప్పుడూ ఆలస్యమవుతాయే, అందుకే!"

"నాలుగు సెకన్లు కాదండీ, నాకు నాలుగు వారాలు ఆలస్యం చేశాడు" అన్నాడు లెక్కల మాస్టారు.

"ఇక ఆ సెల్లో అంటారా," ఫుల్ ఆర్కెస్ట్రా గొంతు తగ్గించాడు, "అదీ నేనే వాయించాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఒక చేత్తో పుల్ల, ఒక చేత్తో సెల్లో."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

"ఏ చేత్తోనండీ?" అంది పెద్దావిడ.

అందరూ అటు తిరిగారు.

"ఒక చెయ్యి తీగల మీద, ఒక చెయ్యి కమాను మీద ఉండాలి కదా. మరి పుల్ల?"

లెక్కల మాస్టారు వేళ్ళు మడిచి "మూడు చేతులు" అన్నాడు.

"పుల్ల నోట్లో పెట్టుకున్నానమ్మా" అన్నాడు ఫుల్ ఆర్కెస్ట్రా, తడుముకోకుండా. "పావురాలకి కనుబొమలతో చెప్పాను."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ సెల్లో వాయించింది నేనండీ" అంది.

అరుగు మీద నాలుగు సెకన్లకంటే ఎక్కువే గడిచింది. ఫుల్ ఆర్కెస్ట్రా చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఉండిపోయింది.

"నాకది మొదటి రికార్డింగు. భయంతో వారం రోజులు సాధన చేసి మొత్తం బట్టీపట్టేశాను. పేజీ తిప్పే పనే లేదు. ఉన్నట్టుండి చుట్టూ అందరూ ఆగిపోయారు. తల తిప్పి చూసే ధైర్యం లేదు, పెద్దాయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, నేను వాయిస్తూనే ఉన్నాను. చుట్టూ నలభై కాగితాలు ఒక్కసారి ఫరఫరమన్నాయి. సినిమాలో మీరంతా వినేది అదే. పావురాలు కావండీ, కాగితాలు."

టైలరు నోరు ఇంకా మూతపడలేదు. "మరి తెర మీద పావురాలున్నాయి కదమ్మా?"

"ఆ చప్పుడు వదులుకోలేక, మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళి పావురాల్ని చిత్రీకరించి తెచ్చారు. కనబడేవి రెండే."

"మిగతా రెండొందల తొంభై ఎనిమిది?" అన్నాడు లెక్కల మాస్టారు. ఎవరూ నవ్వలేదు.

ఫుల్ ఆర్కెస్ట్రా గ్లాసు కింద పెట్టాడు. ఆయన గొంతు ఒక్క వాయిద్యానికి తగ్గిపోయింది. "నన్ను... బాగా తిట్టారా?" అన్నాడు.

ఈ మాట ముప్ఫై ఎనిమిదేళ్ళు బావ గొంతులోనే ఉండిపోయిందని బావమరిదికి అప్పుడు తెలిసింది.

"తిట్టడమా? 'నకలు రాసినవాడేడీ?' అని హాలంతా వెతికించాడు. మీరు వెనక గోడ దూకి పోయారని కాపలా ఆయన మీ చెప్పు తెచ్చి చూపించాడు. తర్వాత పేజీలు సరిగ్గా రాయించి పదకొండుసార్లు వాయించాం. బాగుంది గానీ, ఏదో పోయింది. పోనీ కావాలనే ఆగి తిప్పమన్నాడు. అలా తిప్పితే ఆ చప్పుడు రాలేదు. చివరికి మొదటిదే ఉంచాడు. మూడు రోజులు రోజూ పొద్దున్నే 'ఆ కుర్రాడొచ్చాడా?' అని అడిగేవాడండీ."

బావమరిది వచ్చి కాగితం బావ ఒళ్ళో పెట్టాడు. పేజీ చివర, స్వరాలు తెగినచోట, పెన్సిల్‌తో పెద్దాయన రాత ఉంది. ఇంకా చెరిగిపోలేదు.

"ఇది తప్పు. దిద్దకండి."

ఫుల్ ఆర్కెస్ట్రా చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. మూడు రోజులు తనకోసం ఎదురుచూసిన మనిషుండగా, తను గోడవైపు తిరిగి పడుకున్నాడు. టైలరు మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "గురువుగారూ, పావురాలకంటే కాగితాలే బాగున్నాయండీ" అన్నాడు, మనస్ఫూర్తిగా. లెక్కల మాస్టారు తలూపాడు.

ఫుల్ ఆర్కెస్ట్రా ముక్కు తుడుచుకున్నాడు. కాగితాన్ని మడతల వెంబడే జాగ్రత్తగా మడిచాడు. వెన్ను నిటారైంది. బావమరిదికి ఆ కూర్చునే తీరు బాగా తెలుసు. ప్రాణం కుదుటపడింది.

"అది సరే గానీ," అన్నాడు ఫుల్ ఆర్కెస్ట్రా, "ఆ రోజు నేను దూకిన గోడ ఎంతెత్తనుకున్నారు? పద్దెనిమిది అడుగులు! పైన గాజుపెంకులు! అవునా కాదా బావమరిదీ?"

బావమరిది నోరు తెరిచేలోపే పెద్దావిడ అందుకుంది.

"మోకాలెత్తుండేదండీ. నేను రోజూ సెల్లో మోసుకుని దాటేదాన్ని."