స్పానరు చప్పుడు

తెల్లవారేసరికి జువ్వలదిన్నె మీద మబ్బు ముసురుకొని ఉంది. వాన పడదు, ఎండ రాదు. సబ్‌మెరైన్‌లో పనిచేసే బెన్హర్ సెలవు ఆ రోజుతో సరి. తండ్రి ఆనందబాబు వసారాలో వల ముందేసుకొని కూర్చున్నాడు. తల్లి రెబెక్కమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"గట్టిగా మాట్లాడరా. దొంగతనానికొచ్చినోడి మాదిరి గుసగుసలేంది?"

"గట్టిగానే అంటుండా నాయనా. సాయంత్రం రైలుకి బిట్రగుంట దాకా దింపుతావా అని."

"దింపను."

"అమ్మా, నువ్వన్నా చెప్పు."

"నన్ను లాగబాక అబ్బయా. చూడయ్యా, గ్లాసు కింద పెట్టినా చప్పుడు గాకుండా పెడతాడు వీడు. ఇంట్లో ఉండాడో లేడో కూడా తెలవడంలా."

"అలవాటైపోయిందమ్మా. లోపల చెంచా కింద పడినా తిడతారు."

"అదంతా ఎందుకు. నేవీలో ఇంకొన్నేళ్లుంటానని మళ్లీ సంతకం పెడతావా పెట్టవా, అది చెప్పు ముందు."

"పోయి ఆలోచిస్తా నాయనా."

"పోయినాక ఆలోచించేదేముంది? పెన్ను చేతికిస్తారు, పెడతావు. పెట్టబాక. బోటు నీకిస్తా. ఇంజను బాగుచేయించినా. మీ మామ పోలేరయ్య ఇంక సముద్రం మీదికి రానంటుండాడు."

"మామకు జొరం తగ్గిందా?"

"జొరం తగ్గింది, బయం తగ్గలా. మాట మార్చబాక."

"మార్చలా."

"ఏముందిరా ఆ ఇనప డబ్బాలో? ఎండ లేదు, గాలి లేదు."

"గాలుంది. పైదాకా వచ్చి, గొట్టం ఒకటి నీళ్ల బయటికి పెట్టి పీల్చుకుంటాం. డీజిలింజన్లు తిప్పి బ్యాటరీలు నింపుకునేది అప్పుడే. మళ్లీ దిగితే బ్యాటరీ మీదే."

"దిగితే ఎన్ని దినాలుంటారు?"

"ఉండగలిగినన్ని."

"అదొక జవాబా?"

"అంతకంటే చెప్పకూడదు."

"స్నానమో అబ్బయా?"

"తడిగుడ్డతో తుడుచుకునేదేనమ్మా."

"పడుకునేది?"

"నేను డ్యూటీకి లేస్తే నా పక్క మీద నాతో పనిచేసే ఆండ్రూ పడుకుంటాడు. వాడు లేస్తే నేను. ఆ పక్క చల్లబడేదే లేదు."

"వింటివా రెబెక్కా? దీనికి మళ్లీ ట్రైనింగంట."

"ట్రైనింగు లేకపోతే ఎట్టా నాయనా? కళ్లకు గంతలు కట్టి, తడిమి ఏ వాల్వు ఏదో చెప్పమంటారు. లైట్లు పోతే చేతులే గదా కళ్లు."

"ఆ గంతలు ఇంకా ఇప్పలేదు నీకు."

"ఊరుకోవయ్యా. రేయ్, మూడుసార్లు ఉతికినా నీ గుడ్డలకు డీజిలు కంపు పోలా. మీ నాయనవీ అదే కంపు, నీవీ అదే కంపు. నా బతుకంతా డీజిలే."

"నా కంపు చేపలన్నా తెస్తాది. వీడిదేం తెస్తాది? పోయిన నెల నేనూ పోలేరయ్యా ఇంజను ఆగిపోయి కొట్టుకపోతా ఉంటే, మీ అమ్మ రాత్రంతా నీకు ఫోన్ మీద ఫోన్ చేసింది. స్విచ్చాఫ్."

"లోపలికి ఫోన్లు రానియ్యరు."

"అదే నేననేది. నాకుండేది ఒక్కడివి. నేను నీళ్ల మీద చస్తా ఉంటే యాడుండావురా?"

"చెప్పకూడదు."

"యాడుండావో కూడా చెప్పకూడదా?"

"చెప్పకూడదు నాయనా."

"చూడు రెబెక్కా. కన్నకొడుకు."

"వాణ్ణి వదిలెయ్. మనల్ని దేవుడు చూసినాడు. పొద్దెక్కేసరికి కోస్టుగార్డు వాళ్లు నేరుగా మీ కాడికే వచ్చినారు గదా."

"వచ్చినారు. ఎవురో వేలు పెట్టి చూపించినట్టే వచ్చినారు. మా వైర్లెస్సు తడిసి చచ్చింది, మేమెవురికీ కబురు చెయ్యలా. మీకెవురు చెప్పినారయ్యా అంటే, పొమ్మన్నారు, వచ్చినాం అన్నారు."

"ఆ ఇంజనుకు పాత జబ్బే గదా. ఎక్కిళ్లు బెట్టి, దగ్గి, ఆగతాది."

"నీకెట్ట తెలుసు?"

"చిన్నప్పటినుంచి వింటుండా గదా."

"వీడి చెవులు అట్టాంటివయ్యా. మంచు కమ్మిన రోజు నువ్వు స్పానరుతో బోటు పక్క మీద కొడతా వచ్చేవాడివి, గుర్తుందా? రెండు దెబ్బలు, ఆగి ఒకటి. ఇంకెవురికీ వినపడేది గాదు. వీడు మటుకు తాడు పట్టుకునేదానికి రేవుకాడికి పరిగెత్తేవాడు. ఆ చెవుల్ని చూసే నేవీలో వినే పని ఇచ్చినారు."

"సోనార్ అంటారమ్మా."

"ఏం వింటావురా అంతసేపు?"

"అన్నీ. రొయ్యలు తాలింపు చిటపటలాడినట్టుంటాయి. ఓడలు, బోట్లు. ఏ ఇంజను ఏదో చప్పుడుబట్టి చెప్పాల. దానికే నెలల తరబడి కూర్చోబెట్టి వినిపిస్తారు."

"విని?"

"మా పెద్దాయనకు, అదే కెప్టెనుకు చెప్పేది. ఆపైన ఆయన చూసుకుంటాడు. మేం మటుకు చప్పుడు చెయ్యకూడదు. పలకకూడదు."

"అది సరే. ఏమయ్యా, ఇంజను ఆగినాక మీరేం జేసినారో ఇంతవరకు నువ్వు నాకు సరిగా చెప్పలా."

"ఏం జేస్తాం? పోలేరయ్య జొరంతో తెలివి లేకుండా పడుండాడు. నేను కూర్చున్నా."

"రాత్రంతా ఊరికే కూర్చున్నావా?"

"ఊరికే కూర్చున్నానంటే వినవే. అన్నం పెట్టు."

"నాయనా."

"ఏంది?"

"ఒకటి అడగతా. మళ్లీ అడగను. నువ్వూ నన్ను తిరిగి ఏం అడగబాక."

"అడుగు."

"తెల్లారగట్ల కొట్టేది ఎందుకు ఆపేసినావు?"

"ఏం కొట్టేది?"

"రెండు దెబ్బలు. ఆగి, ఒకటి."

"ఏందిరా నువ్వనేది? ఏమయ్యా, వల కిందేసినావేంది? ఏమయ్యా, నిన్నే."

"ఎందుకు ఆపినావు నాయనా?"

"చెయ్యి లెయ్యలేదురా."

"నేను ఇంకోటనుకున్నా."

"రెబెక్కా, ముందు వాడికి పెట్టు."

"మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటుండారో నాకు..."

"పెట్టమంటుండానా. తిను బెన్హరూ. బిట్రగుంటకు నేనే దింపుతా."

ముగ్గురూ వసారాలోనే కూర్చొని ఎండుచేపల పులుసుతో అన్నం తిన్నారు. నీళ్లు తాగి ఆనందబాబు గ్లాసును చప్పుడు కాకుండా కింద పెట్టాడు.