మధ్యలో కూతురు

మొదట్లో నా చేతిలో ఉన్నదల్లా బట్టల కొట్లో అబ్బిన మాటకారితనం. కొట్టు మూసేసి కౌన్సెలర్ శిక్షణలో చేరితే, కొడుకును పోగొట్టుకున్న ఒక పరాయి భాష తల్లిని నాకు అప్పగించారు. ఆమె లేచి వెళ్లిన కాసేపటికి మాకు నేర్పే టీచరమ్మ వచ్చింది.

“దుబాసీని పిలవలేదేం, బాబాయ్?”

“కూతురు వచ్చిందిగా అమ్మా. రెండు భాషలూ గడగడా మాట్లాడుతుంది. ఇంక మూడో మనిషెందుకని.”

“తల్లి ఏమంది?”

“బాగానే ఉన్నానంది.”

“తల్లి అందా, కూతురు అందా?”

“కూతురే. తల్లి చాలాసేపు చెప్పింది, పిల్ల రెండు ముక్కల్లో తేల్చేసింది.”

“మీకు అనుమానం రాలేదా?”

“బేరం తొందరగా కుదిరిందని సంబరపడ్డాను.”

“ఆ పిల్ల మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. వాడితోపాటే పోవాలనుంది అందట వాళ్లమ్మ. కన్నకూతురు ఆ మాట పైకి ఎలా చెబుతుంది, బాబాయ్?”

“అయ్యో! ఇప్పుడా తల్లి ఎక్కడ?”

“వెనక్కి పిలిచి నా గదిలో కూర్చోబెట్టాను, దుబాసీతో. పక్కన నేనుంటాను. మీరు ఆ పిల్ల దగ్గరికెళ్లండి. ఏమీ అడక్కండి.”

ఆ తల్లి ఇప్పటికీ వస్తోంది, నా దగ్గరికి మాత్రం కాదు. ఇంటివాళ్లను బయట కూర్చోమని దుబాసీని పిలవడం నేర్చుకున్నాను, అది నాకు దక్కిన లాభం. నష్టమంతా ఆ పిల్ల ఖాతాలో పడింది.