ఇంటికి ఆలస్యమైన ‘అన్నిట్లోనూ’ గారు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూలై ఆరవ తేదీన మా గణాంక సంస్థ కంప్యూటర్ విభాగంలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా ప్రధాన ప్రోగ్రామర్ గారిని గురించి నాలుగు మాటలు వ్రాసే భాగ్యం, ఇన్నేళ్ళూ పక్క బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి గనుక, నాకు దక్కింది.

ఖరీదైన గణాంక సాఫ్ట్‌వేర్ కొనలేని చిన్న ఆసుపత్రులకూ కళాశాలలకూ ఉచితంగా ఇవ్వదగిన ప్రోగ్రామును మన సంస్థే తయారుచేయాలని సంకల్పించినప్పుడు, ఆ బాధ్యత వారి భుజాలపై పడింది. వారు దానిని దీక్షతో పూర్తిచేశారు. అయితే అది మన కార్యాలయపు కంప్యూటర్లలో మాత్రమే నడిచేది. ఇంట గెలిచింది గానీ రచ్చ గెలవలేదు.

వారి సతీమణి దూరపు పట్టణంలో పిల్లల డాక్టరు. కూతురు తల్లి దగ్గరే పెరిగింది. ఒక వానాకాలం ఆ పట్టణపు పిల్లలకు విడవని జ్వరాలు పట్టుకున్నాయి. ఏ నీళ్ళు తాగినవారికి జ్వరం వస్తోందో తేల్చడానికి డాక్టరుగారు మన ప్రోగ్రామును తెరవబోతే, అక్కడి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. అప్పటి ఫోను సంభాషణను మా ప్రోగ్రామర్ గారే తరువాత నవ్వుతూ చెప్పారు.

“మీ ప్రోగ్రామ్ ఇక్కడ తెరుచుకోవడం లేదండీ.”

“ఏమంటోంది?”

“ఏమీ అనడం లేదు. అచ్చం మీలాగే, ఉలుకూ పలుకూ లేదు.”

కూతురికి సముద్రం చూపిస్తానని దాచుకున్న సెలవు పెట్టి వారు ఆ ఊరు వెళ్ళారు. ఆ సెలవంతా ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని, ప్రోగ్రామును ఆ యంత్రానికి తగినట్టు మళ్ళీ కూర్చారు. ఫలితం వచ్చింది. జ్వరాలన్నీ ఒకే ట్యాంకు నీళ్ళు వాడే వీధుల్లోవి. ఆ ట్యాంకు మూయించిన రోజే సెలవు ముగిసింది.

“మరి సముద్రం, నాన్నా?” అని స్టేషనులో కూతురు అడిగిందట.

“వచ్చే సెలవుల్లో, అమ్మలూ.”

ఆ వచ్చే సెలవులు రానేలేదు. “ఎక్కువమంది వాడే సిస్టమ్ ఒక్కటి చాలు కదా” అన్న పై అధికారులతో వారు, “చిన్న ఆసుపత్రులు తమ దగ్గరున్న దానితోనే నెట్టుకురావాలి సార్. వేరేది కొనుక్కోమనడానికి మనమెవరం?” అన్నారు. ఆనాటి నుండి ఏ చిన్న మార్పు చేసినా “అన్నిట్లోనూ నడుస్తోందా?” అని అడగనిదే వదిలేవారు కారు. విభాగమంతా వారిని ‘అన్నిట్లోనూ’ గారని పిలుచుకున్నది అందుకే. భార్య ఉన్న ఊరికి బదిలీ అవకాశం వచ్చిన ప్రతిసారీ మరో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిపడేది. ఆ పని ఎరిగినవారు మరొకరు లేక, బదిలీ వాయిదా పడేది. కిటికీ పక్కన నిలబడి టీ తాగుతూ రైల్వే స్టేషను వైపు చూసే వారిని నేను పలకరించేవాణ్ణి కాను.

మొన్న డాక్టరుగారు ఫోనులో నాతో అన్నారు: “ఆయన చేసింది ఎన్ని ఊళ్ళు చేరిందో, అన్నయ్యగారూ. ఆయనే మా ఊరు చేరలేదు.” ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎదురుచూపే ఉంది.

ఇప్పుడు వారు ఆ పనిని ఇద్దరు సహోద్యోగినులకు క్షుణ్ణంగా నేర్పి, నిశ్చింతగా డాక్టరుగారి ఊరికి బయలుదేరుతున్నారు. పక్క బల్ల ఖాళీ అవుతుందన్న బెంగ మాది. దానిని మేమే దిగమింగుకుంటాము. ఆ దంపతులకు సంపూర్ణారోగ్యమూ దీర్ఘాయువూ కలగాలనీ, రెండు ఊళ్ళలో విడివిడిగా పొద్దుగుంకిన సాయంకాలాలకు రెట్టింపు సాయంకాలాలు ఒకే ఇంటి అరుగు మీద వారికి దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాను.