దిమోవ్‌కి బరువులు నేర్పిన వీరా

"దిమోవ్ అంటే ఎవరనుకున్నావు జే? బల్గేరియా చాంపియన్! వాడికి మొదటి పాఠం చెప్పింది నేనే. ఎక్కువేం కాదులే, నడుం ఎలా నిలబెట్టాలో చెప్పానంతే."

గ్రీన్‌వుడ్ పార్క్ పేటలో తన ఇంటి వరండాలో కూర్చుని వీరా తాత పక్కింటి జేతో అంటున్నాడు. మర్నాడు మనవరాలు వనీషాకి ఊళ్లో పెద్ద హాల్లో బరువులెత్తే పోటీ. తెల్లవాళ్ల రాజ్యం పోయి, దేశంలో అందరూ కలిసి ఓట్లేసి ఏడాదయింది. ఇప్పుడు నల్లా తెల్లా తేడా లేకుండా అందరికీ ఒకటే పోటీ. తాతని రమ్మని ఆ పిల్ల పొద్దున్నుంచీ బతిమాలుతోంది. ఆయన మోకాలు నొప్పంటున్నాడు. కోతలకి మాత్రం ఏ నొప్పీ లేదు.

"అప్పట్లో మన దేశంవాళ్లని ఏ దేశం పోటీలకి రానిచ్చింది మామా?" అన్నాడు జే.

"రానిస్తే వెళ్లడం ఓ గొప్పేంట్రా? రేవులో ఓడకి చక్కెర బస్తాలు ఎక్కించేవాణ్ణి కదా, ఓ రోజు బస్తాతో పాటు నేనూ లోపలికెళ్లి పడుకున్నాను. లేచేసరికి బల్గేరియా! అక్కడ దిమోవ్, ఇంకా మీసం రాని కుర్రాడు, గోధుమ బస్తా లేపలేక ఏడుస్తున్నాడు. 'ఒరే అబ్బీ, నడుం వంచకు, కాళ్ల బలంతో లే' అన్నాను. లేచాడు! ఆ ఏడే ఊరికి చాంపియన్, మరుసటేడు దేశానికి. మీ అత్త అమ్మణి పెట్టిన ఆవకాయ జాడీ ఇస్తే, అది నాకి ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జాడీ కూడా నాకేశాడా?"

"నవ్వకు! పెద్ద పోటీలో ఆఖరి బరువు దగ్గర వాడి చెయ్యి బెణికింది. 'గురూ, నువ్వే దిక్కు' అన్నాడు. వాడి బట్టలు తొడుక్కుని నేనెక్కాను స్టేజీ. ఊళ్లో ఇనుమంతా కడ్డీకి గుచ్చారు, చాల్లేదు, ట్రాము చక్రాలు ఊడదీసి గుచ్చారు. నేను ఒక్క ఊపున భుజానికెత్తి, స్టేజీ చుట్టూ తిరిగి, మెట్లు దిగి, రేవుదాకా మోసుకుపోయాను! ఓడలో పడేస్తే దాని ముక్కు ఆకాశానికి లేచింది. ఆ కొసన నేను కూర్చుంటే గాని దిగలేదు. జడ్జీలు ముగ్గురూ గట్టు మీంచి తెల్ల జెండాలు ఊపుతూ..."

గుమ్మంలో నిలబడి వింటున్న వనీషా పకపకా నవ్వింది.

"జెండాలుండవు తాతా, లైట్లుంటాయి. భుజాన వేసుకుని నడిస్తే జడ్జీలు మూడూ ఎర్ర లైట్లే వేస్తారు, ఎత్తినట్టు లెక్క కాదు! తల మీదికెత్తి, చేతులు చాచి, కదలకుండా నిలబడాలి. అదేమన్నా చక్కెర బస్తానా? అసలు నువ్వు పోటీ ఒక్కటైనా చూశావా?"

వీరా తాత చల్లారిన టీని ఊదుకున్నాడు.

"ఎక్కడ చూడనిచ్చారే? రేపు నువ్వెళ్లే ఆ హాలు తెల్లవాళ్లకేనని గుమ్మంలోంచే గెంటేశారు నన్ను. ఇప్పటికీ అటు వెళ్లాలంటే భయం."

వనీషా వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"రేపు నాతో ఆ గుమ్మంలోంచే రా. ముందు వరసలో కూర్చో. ఇంటికొచ్చాక మాత్రం తాతా, నేనెంత ఎత్తితే అంతే చెప్పు."