కొండ మలుపులో కునుకు

కోలార్ బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేటలో తెల్లవారకముందే బయల్దేరిన బైకు ఊటీ ఘాట్‌లో లోయ అంచున ఆగింది. తండ్రి వెనక కూర్చున్న పదహారేళ్ల కూతురు దూకి తాళంచెవి లాగేసుకుంది.

“కీ ఇయ్యమ్మా. ఇంగ గంట దూరమే ఉండాది.”

“ఇయ్యను. నువ్వు నిద్రపోయినావప్పా!”

“కండ్లు మూసి తెరిచినానంతే.”

“నేను వీపు మీద గుద్దినాకే కదా తెరిచినావు!”

“ఊటీ చూపిస్తానని నీకిచ్చిన మాట కోసం రెండు దినాలు డబల్ షిఫ్ట్ చేసి వచ్చినాను. నాకిదా మర్యాద?”

“గనిలో కునుకు తీసినోణ్ణి తాత అప్పుడే పని మాన్పించి పైకి పంపేసేవాడని నువ్వే చెప్పినావు.”

“మీ తాత గనిలో మేస్త్రీ. ఆయన చేతిలో ముప్పై ప్రాణాలుండె.”

“నీ వెనకాల ఒక్కటే ఉండాది. అందుకేనా నిద్ర పట్టింది?”

ఆయన హెల్మెట్ తీసి తలకింద పెట్టుకుని చెట్టునీడలో పడుకున్నాడు.

“గంటకి లేపు.”

“లేపను,” అంది, తాళంచెవి ఉన్న పిడికిలి విప్పకుండానే.